నాలుగు పానాలు

ఆ రోజు నర్సమ్మ చేనుకు నీళ్ల సీసా తీసుకుపోవడం మరిచిపోయింది. మరిచిపోకపోయి ఉంటే తర్వాతి మూడు రోజులు ఎట్లా గడిచేవో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

రఘునాథపల్లి పక్కనే వాళ్ల ఊరు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. బస్సులు లేవు, బడులు లేవు, కాలేజీలు లేవు. పత్తికి మాత్రం సమ్మె సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు, దాని వేళకు అది పగిలింది. మొదటి ఏరుడు కాబట్టి కాయ రెక్కలు ఇంకా గట్టిగా ఉన్నాయి. వాటి కొసలు తగిలి నర్సమ్మ వేళ్ల చివర్లన్నీ గీరుకుపోయాయి. మధ్యాహ్నం మూడున్నర దాకా ఓర్చుకుంది. ఇక నాలుక అంటుకుపోతుంటే, తోటి ఆడవాళ్లతో ఇప్పుడే వస్తానని చెప్పి, నడుముకు కట్టుకున్న పత్తి ఒడి కూడా విప్పకుండా ఇంటికి నడిచింది.

ఇంట్లో ఎవరూ లేరు. కుండలోంచి నీళ్లు ముంచుకుని రెండు గుక్కలు తాగిందో లేదో, వెనకవైపు కొట్టం నుంచి కూతురు మాట వినిపించింది. స్వప్న జనగామలో డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ మూతపడి హాస్టల్ ఖాళీ చేయమంటే ఇంటికి వచ్చింది. వచ్చినప్పటి నుంచి రోజూ ఈ వేళకు ఫోన్ పట్టుకుని కొట్టంలోకి పోతుంది. ఆడపిల్ల ఫోనులో ఎవరితో మాట్లాడుతోందో అనే అనుమానం నర్సమ్మకు మొదట్లో ఒకటి ఉండేది. అవతల వినిపించేది ఆడగొంతేనని తేలాక ఆ అనుమానాన్ని వదిలేసింది.

"మూడు పోయినయే. ఇగ ఒక్క పానమే మిగిలింది," అంటోంది స్వప్న.

నర్సమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది.

"అన్న దగ్గరికొచ్చిన. ఇంకో జర దూరమే. ఇగో, గిది గూడ ఇడుస్తున్న."

ఆ గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. బియ్యం కడిగి ఎసట్లో పోస్తున్నానని చెప్పినంత మామూలుగా చెప్పింది. అదే నర్సమ్మను ఎక్కువ భయపెట్టింది. చెంబు కింద పెట్టాలని వంగితే నీళ్లు ఒలికాయి. ఒడిలోంచి పత్తి జారి తడి నేల మీద పడింది.

స్వప్నకు తోడబుట్టిన అన్న లేడు. ఆ పిల్ల అన్న అని పిలిచేది ఒక్కడినే, బిక్షపతిని. అతడు స్వప్నతో పాటు హాస్టల్లో ఒకే గదిలో ఉండే శోభకు అన్న. వాళ్లది మహబూబాబాద్ దగ్గరి తండా. తండ్రి హరిలాల్ భూపాలపల్లి బొగ్గుబాయిలో పని చేస్తాడు, కుటుంబం అక్కడే ఉంటుంది. పోయినేడు బిక్షపతి తెలంగాణ కోసమని చీటీ రాసిపెట్టి ప్రాణం తీసుకున్నాడు. తండాలో దహనం చేస్తే స్వప్న అక్కడికి పోయి వచ్చింది. వచ్చాక నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు. ఈ నెలలో చుట్టుపక్కల ఊళ్లలో మరో ముగ్గురు పిల్లలు అదే దారిన పోయారు. మూడు పోయినయి అని స్వప్న అన్నది వాళ్ల గురించేనని నర్సమ్మకు అర్థమైంది. నాలుగోది తన బిడ్డ.

కాసేపటికి స్వప్న లోపలికి వచ్చింది. తల్లిని చూసి, జల్దిగ వచ్చినవేందవ్వా అని అడిగింది. ముఖం ఎప్పటిలాగే ఉంది. నేల మీద పడిన పత్తిని ఏరి, తడిసినదాన్ని విడిగా తీసి, మిగతాది తల్లి ఒడిలో వేసింది. నర్సమ్మ ఆ చేతులనే చూస్తూ ఉండిపోయింది. అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే తొందరపెట్టినట్టు అవుతుందేమోనని మింగేసింది.

చేనుకు తిరిగి పోలేదు. తాటివనానికి పోయింది. భర్త కాటమయ్య అప్పటికి ఐదు చెట్లకు కల్లు గీసి ఆరో చెట్టుకు మోకుతాడు వేసుకుంటున్నాడు. భార్య ఆ వేళప్పుడు అంత దూరం నడిచి రావడం చూసి, మోకు అట్లాగే చెట్టుకు వదిలేసి నిలబడ్డాడు. నర్సమ్మ విన్నది విన్నట్టు చెప్పింది. నువ్వు సరిగా వినలేదు అన్నాడు మొదట. ఇంకోసారి చెప్పమన్నాడు. రెండోసారి విన్నాక మోకు విప్పి చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాడు. ఇంకా ఏడు చెట్లు మిగిలి ఉన్నాయి. పూట తప్పితే గెల మొండికేసి కల్లు ఆపేస్తుందని జ్వరంలో కూడా చెట్టెక్కే మనిషి అతడు. కాళ్లలో వణుకు పెట్టుకుని చెట్టెక్కలేనని ఒప్పుకోవడానికి నామోషీ పడి, పొద్దుపోయిందని చెప్పాడు. పొద్దు ఇంకా చాలా ఉంది.

ఊరి నడుమ కట్టిన పెద్ద ఫ్లెక్సీకి తాడు బిగించింది ఈ కాటమయ్యే. అందులో పోయిన పిల్లల ఫోటోలు వరసగా ఉన్నాయి. చివర ఇంకొన్ని ఫోటోలకు సరిపడా జాగా ఖాళీగా మిగిలింది. కట్టిన రోజు అది అతని కంటికి ఆనలేదు. ఇంటికి వస్తూ దాని కింద నుంచి నడవలేక, చెరువుగట్టు వైపు నుంచి చుట్టూ తిప్పి నర్సమ్మను తీసుకొచ్చాడు.

"పిల్లను ఏం అడగకు," అన్నాడు గడప దగ్గర. "ఒంటరిగ ఉండనియ్యకు. గంతే."

మర్నాడు నర్సమ్మ నడుము పట్టుకుందని చెప్పి చేనుకు పోలేదు. ముందుగా పత్తి మందు డబ్బాను కొంగు చాటున తీసుకుపోయి పక్కింటి సాలమ్మకు ఇచ్చింది. ఎలుకలు దొర్లిస్తున్నాయని, నీ అర్రలో పెట్టి తాళం వేయమని చెప్పింది. సాలమ్మ ఆమె ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. ఈ రోజుల్లో ఏ తల్లి ఏ వస్తువును ఎందుకు దాస్తోందో ఊళ్లో అందరికీ తెలుసు.

పగలంతా కూతురు వెంటే తిరిగింది. స్వప్న బావికి పోతే బావికి పోయింది. దొడ్డికి పోతే దొడ్డి బయట నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంది. స్వప్నకు విసుగొచ్చి, నడుము పట్టుకున్న మనిషివి పండుకోరాదా అంది. అన్నం పెడితే రెండుసార్లు అడిగి మరీ కలుపుకుని తిన్నది. చావాలనుకునే పిల్ల రెండోసారి పప్పు వేసుకుంటుందా అని నర్సమ్మకు ఒక ఆశ పుట్టింది. పోయినవాళ్ల తల్లులు కూడా ఆ పొద్దు మంచిగ తిన్నడు అనే చెప్పి ఏడ్చారని వెంటనే గుర్తొచ్చింది.

నాలుగు గంటలకు స్వప్న ఫోనుతో పాటు పుస్తకాల సంచి కూడా తీసుకుని కొట్టంలోకి పోయింది. నర్సమ్మ చేటలో బియ్యం పోసుకుని కొట్టం గోడకు ఇవతల కూర్చుంది. రాళ్లు ఏరుతున్నట్టు వేళ్లు కదులుతున్నాయి గానీ కళ్లకు రాయేదో గింజేదో తెలియడం లేదు. గోడ అవతల కీచుకీచుమని ఏదో మోగుతోంది. నడుమనడుమ స్వప్న మాటలు. ఒకటి పోయింది. రెండోది గూడ పోయింది. నువ్వు ఏడుస్తున్నవా, లేదా? సరే. అన్న కనపడుతుండు. ఇగ ఇడుస్తున్న. రేపు నాలుగింటికి మల్ల చేస్తవ్ గదా?

ఆ 'రేపు' అనే మాటను నర్సమ్మ గట్టిగా పట్టుకుంది. అంటే ఈ రాత్రికి భయం లేదు.

ఇంకా వెలుగుండగానే స్వప్న స్నానానికి పోయింది. గాబులో చెంబు ముంచిన చప్పుడు వినిపించగానే నర్సమ్మ సంచి తెరిచింది. నోటు పుస్తకాల అడుగున చేతిరుమాలులో చుట్టిన మూట ఉంది. విప్పితే అరచేయి కంటే కొంచెం పెద్దగా, పొగరంగు ప్లాస్టిక్ డబ్బా. పైన చిన్న అద్దం, కింద నాలుగైదు మీటలు. జనగామ సంతలో పిల్లలు ఆడుకోవడానికి కొనే బాపతు. దాని వీపుకు అతికించి ఉన్న చిన్న ఫోటోలో బిక్షపతి నవ్వుతున్నాడు.

ఆమెకు ఒళ్లు జలదరించింది. పోయినవాడి సామాను పోయినవాడితోనే పోవాలి. అందులోనూ నిండు వయసులో, తనంత తాను పోయినవాడిది. దాన్ని ఇంట్లో పెట్టుకుని, రోజూ ఒకే వేళకు చేతిలోకి తీసుకుని, అన్న కనపడుతుండని మాట్లాడితే ఆ పిల్ల మనసు ఎటు గుంజుతుంది? ఇన్నాళ్లూ ఇంత పెద్ద విషయం తన కళ్ల ముందు జరుగుతుంటే చూసుకోలేదని తనను తాను తిట్టుకుంది. ఇంతలో వేలు ఏ మీటకు తగిలిందో, డబ్బా ఒక్కసారిగా పాట ఎత్తుకుంది. స్నానాల గదిలో చెంబు చప్పుడు ఆగింది. నర్సమ్మ దాన్ని కడుపుకు అదుముకుంది. ఎట్లా ఆపాలో తెలియదు. వెనక మూత మాత్రం టీవీ రిమోటుకు ఉన్నట్టే ఉంది. గోటితో లాగి రెండు సెల్లులూ ఊడబీకింది. పాట ఆగిపోయింది. కాసేపటికి చెంబు చప్పుడు మళ్లీ మొదలైంది.

డబ్బాను రుమాలులో చుట్టి ఎక్కడిది అక్కడ పెట్టింది. బస్సులు నడిచాక మహబూబాబాద్ పోయేవాళ్లతో తండాకు పంపించేయాలని నిశ్చయించుకుంది. సెల్లులను పారేయడానికి చేయి రాలేదు. ఒకటి ఎన్నాళ్లుగానో ఆగిపోయి ఉన్న గోడ గడియారంలో వేసింది, రెండోది గూట్లో పెట్టింది. గడియారం టక్‌టక్‌మని కదిలింది. నర్సమ్మ గుండె కూడా కొంత కుదుటపడింది. ఆ మాటే కాటమయ్యకు చెప్పింది. అతడు పొద్దున లేచి మొన్న వదిలేసిన ఏడు చెట్లూ ముందు గీసి వచ్చాడు.

మూడో రోజు ఆమె చేనుకు పోయింది. చేతులు చకచకా ఆడాయి. తోటి ఆడవాళ్లు పాట ఎత్తుకుంటే తనూ అందుకుంది. అయినా నాలుగు కాకముందే ఇంటికి వచ్చింది. ఎందుకైనా మంచిదని.

స్వప్న ఇంటి నడుమ నిలబడి గోడ గడియారాన్ని చూస్తోంది. ఒక చేతిలో ఆ డబ్బా ఉంది, వెనక మూత తెరిచి ఉంది. రెండేళ్లుగా ఆగి ఉన్న గడియారం ఎట్లా నడుస్తోందో ఆ పిల్లకు అప్పటికే తెలిసిపోయింది.

"అవ్వా, సెల్లులు నువ్వు తీసినవా?"

నర్సమ్మ అబద్ధం చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది. పీట వేసుకుని ఎక్కి గడియారంలోని సెల్లు తీసింది, గూట్లోది తీసింది, రెండూ కూతురి చేతిలో పెట్టింది. స్వప్న వాటిని డబ్బాలో వేసి మీట నొక్కింది. పాట వచ్చింది, అద్దంలో బొమ్మలు వచ్చాయి. పై మూలన ఒక సున్నా వచ్చింది. ఆ సున్నాను చూసి స్వప్న కూలబడిపోయింది.

అప్పుడు నర్సమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇక దాచుకోలేక అడిగేసింది.

"పానం ఇడుస్తనంటివి. నా చెవులతోని విన్న. అన్న దగ్గరికి పోతనంటివి. నేనేం జెయ్యాలె బిడ్డా?"

స్వప్న ఆమె వైపు తెల్లబోయి చూసింది. తల్లి మాటలను మనసులో మరోసారి అనుకుని, అవి బయటివాళ్లకు ఎట్లా వినిపిస్తాయో అప్పటికి తెలుసుకుని, నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఇందులో కారు ఆట ఉంటుంది. ఎదురొచ్చే కార్లకు తగలకుండా మన కారును ఇటూ అటూ జరపాలి. తగిలితే ఒక పానం పోతుంది. ఆటకు నాలుగు పానాలు. నాలుగూ పోతే ఆట అయిపోతుంది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ నాలుగూ వస్తాయి. ఇప్పటిదాకా ఎవరు అందరికంటే ఎక్కువ ఆడారో ఆ లెక్క పై మూలన ఉంటుంది. ఇన్నాళ్లూ అక్కడ ఉన్నది బిక్షపతి ఆడిన ఆట. ఇరవై ఒక్క వేల నాలుగు వందలు. సెల్లులు కదలనంతకాలం ఆ అంకె ఉంటుంది. తీస్తే పోతుంది.

ఈ డబ్బా శోభ దగ్గరే ఉండాల్సింది. కానీ అది కీచుమన్నప్పుడల్లా వాళ్ల యాడి, అంటే తల్లి, కొడుకు వచ్చాడని వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేది. అందుకని శోభ దీన్ని స్వప్నకు ఇచ్చింది. హాస్టల్లో పక్కనే కూర్చుని వినేది, ఇప్పుడు మాత్రం తను రోజూ ఫోనులో ఆ చప్పుడు వినాలి. స్వప్న ఆడుతుంది, అవతల శోభ వింటుంది. ఇన్ని నెలలు ఆడి ఆడి స్వప్నకు చేయి తిరిగింది. బిక్షపతి అంకె దాకా సులువుగా వస్తుంది. దాటితే అతని అంకె చెరిగిపోతుంది కాబట్టి, దగ్గరికి రాగానే ఆఖరి పానాన్ని కావాలనే వదిలేస్తుంది. నర్సమ్మ విన్నది ఆ మాట.

నర్సమ్మ కూతురి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. గీరుకుపోయిన వేళ్లు ఆ పిల్ల చెంపలకు గరుకుగా తగిలాయి. బిడ్డకు ఏం కాలేదు. ఏమీ కాలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పాడు ఆటకు పానాలని పేరు పెట్టింది ఎవరో గానీ వాని తల్లి ఎక్కడుందో చూడాలని ఉంది అంది. స్వప్న నవ్వలేదు.

"నేనైతే మంచిగనే ఉన్న అవ్వా. శోభనే మంచిగ లేదు," అంది.

భూపాలపల్లిలో సమ్మె శిబిరం వాళ్లు రోజూ పొద్దున శోభను ఇంటి నుంచి తీసుకుపోతారు. అన్న ఫోటో పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతారు. అన్న ఎట్లా పోయాడో మైకులో చెప్పమంటారు. రోజూ అదే చెప్పాలి, రోజూ కొత్తగా ఏడవాలి. మొన్న ఏడుపు రాకపోతే, ఒంట్లో మంచిగ లేదా అమ్మా అని ఒకాయన అడిగాడు. తన వంతు అయిపోయాక శిబిరం నుంచి నాలుగింటికి ఇల్లు చేరి ఫోను చేస్తుంది. నాకు బతకబుద్ధి అయితలేదే, కానీ డబ్బాల అన్న నంబర్ ఉన్నన్ని రోజులు నాలుగింటికైతే చేస్త అని మొన్న శోభ అంది. ఇది విన్నప్పటి నుంచి స్వప్నకు కంటిమీద కునుకు లేదు. ఎవరికీ చెప్పొద్దని శోభ ఒట్టు వేయించుకుంది.

నర్సమ్మకు రఘునాథపల్లి చౌరస్తా గుర్తొచ్చింది. పోయిన నెల రోడ్డు మీద బతుకమ్మ ఆడిన రోజు, వేదిక మీద పోయినవాళ్లలో ఎవరి చెల్లెలినో నిలబెట్టి మాట్లాడించారు. ఆ పిల్ల ఏడుస్తుంటే తనూ ఏడ్చింది. పిల్ల మంచిగ మాట్లాడిందని దారి పొడుగునా చెప్పుకుంది కూడా. తలుచుకుంటే సిగ్గేసింది.

అప్పుడు ఫోను మోగింది.

స్వప్న దాన్ని చేతిలోకి తీసుకుంది గానీ ఎత్తలేదు. అంకె ఉందనే చెబుతానంది మెల్లగా. నర్సమ్మకూ అదే మంచిదనిపించింది. ఒక్క అబద్ధంతో గండం గడుస్తుందనుకుంది. కానీ స్వప్న మళ్లీ తనే తల అడ్డంగా ఊపింది. పాత అంకెను దాటిన ఆట ముగిస్తే డబ్బా ఒక పొడుగు పాట పాడుతుంది. ఇప్పుడు అక్కడ ఉన్నది సున్నా. ఎంత తక్కువ ఆడినా ఆ పాట వస్తుంది. బిక్షపతి పోయినప్పటి నుంచి ఆ పాట రాలేదు. శోభ చెవిన పడితే క్షణంలో తెలిసిపోతుంది.

ఫోను ఆగి, మళ్లీ మోగింది. నర్సమ్మ దాన్ని కూతురి చేతిలోంచి తీసుకుంది. తప్పు చేసింది తను. బిడ్డను ముందుకు నెట్టి తను గోడ చాటున కూర్చోవడం ఆమెకు చేతగాదు. స్వప్న స్పీకరు మీట నొక్కింది.

"బిడ్డా, నేను స్వప్న వాళ్ల అవ్వను. మీ అన్న డబ్బాల సెల్లులు నేను తీసిన. నాకు తెల్వదు బిడ్డా. నంబర్ పోయింది."

అవతల నుంచి మాట లేదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, ఎక్కడో దూరంగా మైకులో పాట వినిపిస్తోంది. నర్సమ్మ చాలా భయాలు చూసింది. భర్త చెట్టు మీద నుంచి జారిన రోజు చూసింది, మొన్నటి నుంచి చూస్తోంది. ఈ నిశ్శబ్దం ముందు అవన్నీ తక్కువ. మనిషి ఎదురుగా ఉంటే రెక్క పట్టుకుని ఆపొచ్చు. ఫోనులోంచి పట్టుకోవడానికి ఏముంది?

"పోయిందా?" అంది చివరికి శోభ. "ఇగ అన్నది ఏం మిగల్లే అవ్వా."

ఊరుకో బిడ్డా అని నర్సమ్మ అనబోయింది. ఊరుకుంటే ఫోను పెట్టేస్తుంది. ఏదో ఒకటి మాట్లాడించాలి, ఏదైనా సరే. కళ్ల ముందు డబ్బా ఉంది.

"శోభా, గిది ఎట్ల ఆడుతరే? స్వప్న చెప్తలేదు. నువ్వు చెప్పు."

స్వప్న తల్లిని వింతగా చూసింది. నర్సమ్మ డబ్బాను ఒళ్లో పెట్టుకుని ఏదో మీట నొక్కింది. కారు కదిలింది. పై నుంచి ఒక నల్లటి బొమ్మ దిగి వచ్చి దానికి కొట్టుకుంది. కీచుమంది. ఒకటి పోయింది బిడ్డా అని నర్సమ్మ ఫోనుకు చెప్పింది. రెండోసారీ అంతే. రెండోది గూడ పోయిందంది.  ఆట ఆమెకు ఆటలా లేదు, నిజంగానే ఎవరి ప్రాణాలో తన చేతిలో జారిపోతున్నట్టే ఉంది.

"ఎడమ దిక్కు మీట మీద బొటనవేలు పెట్టు అవ్వా," అంది శోభ. "కిందికి జూడకు. పైనుంచొచ్చేది జూడు."

నర్సమ్మ పైకి చూసింది. నొక్కింది. ఒక కారు పక్క నుంచి దాటిపోయింది. ఇంకొకటి దాటింది. మూడోది తగిలింది. ఆఖరి పానంతో మరొక్క కారును మాత్రం తప్పించగలిగింది. ఆట అయిపోయింది. మూలన సున్నా పోయి మూడు వందలు వచ్చి కూర్చుంది. ఆ వెంటనే డబ్బా పొడుగు పాట అందుకుంది. స్వప్న ఆపబోయింది గానీ అప్పటికే ఆలస్యమైంది. పాట మొత్తం భూపాలపల్లిలో వినిపించింది.

అవతల శోభ ఏడ్చింది. మైకు ముందు ఏడ్చే ఏడుపు కాదు, అక్కడ మధ్యలో మాటలు ఉండాలి. ఇందులో ఒక్క మాట కూడా లేదు. ఇంకో ఆడగొంతు, వాళ్ల యాడిదే కావచ్చు, దగ్గరికి వచ్చి ఏదో అడిగింది. ఫోను కింద పడిన చప్పుడైంది. లైను తెగిపోయింది.

మళ్లీ చేస్తే స్విచాఫ్. స్వప్న పది సార్లు చేసింది. ఒట్టు సంగతి పక్కన పెట్టి హరిలాల్ నంబరు ఇమ్మంది నర్సమ్మ. ఆయన శిబిరంలో ఉన్నాడు, మైకు హోరులో ఏమీ వినపడలేదు. పక్కకు రమ్మని, నాలుగుసార్లు చెప్పిందే చెప్పింది. అన్నా, ఇంటికి పో. పిల్లను ఒక్కదాన్ని ఇడువకు. మైకు ముందట కూసోబెట్టకు, నీ కాల్మొక్త.  పోతున్నా అని మాత్రం ఆయన అన్నాడు. బస్సులుంటే అప్పుడే భూపాలపల్లికి బయల్దేరేవాళ్లు. బస్సులు లేవు.

నాలుగో రోజు పొద్దున హరిలాల్ ఫోను చేశాడు. రాత్రంతా శోభను మధ్యలో పెట్టుకుని తనూ భార్యా కూర్చున్నామని, తెల్లారుజామున నిద్రపోయిందని చెప్పాడు. కొడుకు పోయాక ఆ ఇంట్లో ముగ్గురూ ఒక్క దగ్గర కూర్చోవడం అదే మొదటిసారట. శిబిరం నుంచి మనిషి వస్తే గుమ్మంలోంచే పంపించేశాడట. నర్సమ్మ ఊపిరి పీల్చుకుంది. కానీ ఒక్క రాత్రికి తీరే భయం కాదని ఆమెకు తెలుసు.

మధ్యాహ్నం మూడు దాటాక ముగ్గురూ కొట్టంలో కూర్చున్నారు. కాటమయ్య మోకు పక్కన పెట్టుకుని, చెట్లకు వేళవుతున్నా లేవకుండా ఉన్నాడు. ఫోను నడుమ పీట మీద ఉంది. నాలుగైంది. నాలుగుంపావు అయింది. స్వప్న గోళ్లు కొరుకుతోంది. హరిలాల్ నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది.  చేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కేలా ఉందని నర్సమ్మ డబ్బా అందుకుని ఆట మొదలుపెట్టింది. రెండు పానాలు వెంటవెంటనే పోయాయి. మూడోది కొంత దూరం నడిచింది.

నాలుగు ఇరవైకి ఫోను మోగింది. స్వప్న ఎత్తి స్పీకరు నొక్కింది. ఇప్పుడే లేచి అన్నం తిన్నానని, నాయిన ఫోను మూలన పెట్టి మరిచిపోయాడని శోభ చెప్పింది. నిద్రకు గొంతు బొంగురుపోయి ఉంది. డబ్బా చప్పుడు విని ఆగింది.

"ఎవరే ఆడేది?"

"అవ్వనే," అంది స్వప్న.

"ఎంతున్నది?"

స్వప్న వంగి చూసింది. రెండు వందలు. పానం ఒక్కటే మిగిలింది. నిన్నటి మూడు వందలు పై మూలన ఉన్నాయి. ఆమెకు అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. దగ్గరికొచ్చింది, ఇడువమంటవా అని అడిగింది. నర్సమ్మ వేలు మీట మీద ఆగింది.



"ఇడువద్దు," అంది శోభ. "అవ్వా, పైకి జూడు. దాటియ్యి."